ముందే రాసుకున్న మాటలు

నాకు ఏడేళ్ళు, అక్కకు పదమూడేళ్ళు ఉన్న రోజుల్లో మేమిద్దరం ఒక ఆట ఆడేవాళ్ళం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ కాసేపు నడుం వాల్చేది. మేం వెనక వసారాలో చేరేవాళ్ళం. నేను చుట్టాన్ని, అక్క ఇంటిమనిషి. అమ్మ పాత చీర భుజాల మీద కప్పుకుని, దడి తలుపు తోసుకుని వచ్చి, "ఏమ్మా, అమ్మ ఉందా?" అని నేను అడగాలి. "రండి పెద్దమ్మగారూ, కూర్చోండి. ఎప్పుడొచ్చేరండి? పిల్లలు బాగున్నారాండి? మంచినీళ్ళు తెమ్మంటారా?" అని అక్క అనాలి. ఒకసారి పెద్దమ్మ, ఒకసారి మేష్టారు, ఒకసారి శుభలేఖ పట్టుకొచ్చినాయన. వేషాలు మార్చడం నాకు భలే సరదా. అక్క మాత్రం నవ్వేది కాదు. మాట తడబడితే, "మళ్ళీ దడి దగ్గర్నించి రావే" అనేది. నేను ఎండలో కాళ్ళు కాల్చుకుంటూ దడి దాకా పోయి, మళ్ళీ పెద్దమ్మనై వచ్చేదాన్ని.

అది నన్ను ఆడించడానికి అక్క కనిపెట్టిన ఆట అని ఎన్నో ఏళ్ళు అనుకున్నాను.

మా ఊరు రాజోలుకు దగ్గర్లో, కాలవ గట్టు మీద. నాన్న కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి నలభై రోజుల సెలవు మీద వచ్చేవారు. అప్పటికి మా వీధిలో ఎవరింట్లోనూ ఫోను లేదు. నాన్న నాలుగు మాటలు ఉత్తరంలో రాసి, మిగతాదంతా క్యాసెట్లో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపించేవారు. క్యాసెట్టు వచ్చిందంటే మా ఇంట్లో పండగే. మంచం మీద టేప్‌రికార్డరు పెట్టుకుని ముగ్గురం చుట్టూ కూర్చునేవాళ్ళం. అమ్మ ఒకసారి విని, కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి పోయేది. నేను రెండోసారి సగంలో లేచిపోయేదాన్ని. అక్క మాత్రం టేపు సాగిపోయేదాకా వినేది. నాన్న ఎక్కడ గొంతు సవరించుకుంటారో, ఎక్కడ వెనకాల కారు హారను మోగుతుందో దానికి కంఠతా వచ్చు. "ఇప్పుడు దగ్గుతారు చూడు" అనేది. దగ్గేవారు. ఇద్దరం పడి పడి నవ్వేవాళ్ళం.

జవాబు రికార్డు చేసేటప్పుడు అక్కదే రాజ్యం. మామూలుగా ఇంటికి ఎవరొచ్చినా నోరు విప్పని మనిషి, ఆ ఎర్ర బొత్తాం నొక్కగానే గలగలా మాట్లాడేది. ఎక్కువగా కురిడీల గురించి. మా పక్కింటాయన కొబ్బరి వ్యాపారి. ఆయన కొట్టులో అటక మీద కొబ్బరికాయలు నెలల తరబడి నిలవుండేవి. లోపల నీరు పూర్తిగా ఇంకి, కొబ్బరి ఎండి, చిప్ప నుంచి విడివడితే దాన్ని కురిడీ అంటారు. పైకి అన్ని కాయలూ ఒక్కలాగే ఉంటాయి. చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే వచ్చే చప్పుడును బట్టి చెప్పాలి. సెలవులిచ్చారంటే అక్క అక్కడే. ఒక్కో కాయా తీసి, కళ్ళు మూసుకుని, ఆడించి, "ఇది అయ్యిందండి. దీనికింకా పదిహేను రోజులు పడుతుందండి" అని విడివిడిగా పెట్టేది. "ఈ పిల్ల చెవి దేవుడిచ్చిందండి. మావాళ్ళు పగలగొట్టి చూస్తేగానీ చెప్పలేరు" అని ఆయన మా అమ్మతో అన్నాడు. అమ్మ మురిసిపోయింది. అంత చెవి ఉన్న పిల్ల పెళ్ళిళ్ళలో బ్యాండు మోగితే ఎందుకు రెండు చేతులతో చెవులు మూసుకుంటుందో, ఇంట్లో స్టీలు గిన్నె కింద పడితే ఎందుకు ఏడుస్తుందో ఎవరూ ఆలోచించలేదు. "దీని సుకుమారం చూడండి" అని నవ్వేవారు.

అంతగా నాన్న గొంతు కోసం పడిచచ్చే పిల్ల, నాన్న వస్తే మాత్రం దగ్గరికి పోయేది కాదు. నాకు బాగా గుర్తున్నది ఒక రాక. టాక్సీ వీధి మలుపు తిరగ్గానే సగం వీధి మా గుమ్మంలో ఉంది. నాన్న దిగారు. తెల్ల చొక్కా, చేతికి కొత్త వాచీ, పది బారల దూరం దాకా గుప్పున సెంటు వాసన. నేను వెళ్ళి కాళ్ళకి చుట్టుకున్నాను. నాన్న రెండో చెయ్యి చాచి, "రామ్మా" అని అక్కను పిలిచారు. అక్క ఒక అడుగు వేసింది. ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగి పరుగెత్తి, నూతి దగ్గర వాంతి చేసుకుంది. ఆ తర్వాత మూడు రోజులు నాన్న ఉన్న గదిలోకి రాలేదు. వసారాలో కూర్చుని, టేప్‌రికార్డరు ఒళ్ళో పెట్టుకుని, నాన్న పాత క్యాసెట్టు వింటూ ఉండిపోయింది.

నాన్న గుమ్మంలో నిలబడి అది చూశారు. "క్యాసెట్లో నాన్న కావాలి గానీ ఎదురుగా ఉన్న నాన్న అక్కర్లేదేమోనే దీనికి" అని అమ్మతో అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు ఎలాంటిదో నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక తెలిసింది.

అసలు మా ఆట ఎలా మొదలైందో కూడా చెప్పాలి. ఒకరోజు మా పెద్దమ్మ వచ్చి, "ఏమే, ఎలా ఉన్నానే నేను?" అని మురిపెంగా అడిగింది. అక్క ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి, "పోయినసారికంటే లావయ్యారండి. మెడ నల్లబడింది" అని ఉన్నమాట చెప్పింది. పెద్దమ్మ కాఫీ తాగకుండా లేచిపోయింది. అమ్మ ఆ సాయంత్రం అక్కను కొట్టింది. అక్క ఏడవలేదు. "మరి ఎలా ఉన్నానని అడిగింది కదే" అని నన్నే అడిగింది, నిజంగా తెలియక. ఆ మర్నాడే రెండొందల పేజీల నోటుబుక్కుకు అట్ట వేసి, అందులో ఏదో రాసుకుని, మధ్యాహ్నం నన్ను చుట్టాన్ని చేసి దడి దగ్గర నిలబెట్టింది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి దొంగతనంగా తెరిచి చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "బాగున్నావా అంటే బాగున్నాననాలి. జ్వరం ఉన్నా సరే." "ఎలా ఉన్నాను అని అడిగితే బాగున్నారు అని మాత్రమే." "చావుకి వెళ్తే మాట్లాడకూడదు, పక్కన కూర్చోవాలి." "కూర బాగుందా అంటే బాగుంది. ఉప్పు సంగతి ఎత్తకూడదు." నేను అది చదివి కడుపుబ్బా నవ్వుకున్నాను. నాతోపాటు చదివే ఇద్దరికి చెప్పి వాళ్ళను కూడా నవ్వించాను.

బడిలో అక్కకు ఒక్కతే స్నేహితురాలు. అందరూ మెచ్చుకునే పిల్ల. కొన్నాళ్ళకు అక్క అచ్చం ఆ పిల్లలాగే జడ ముందుకు వేసుకుని, ఆ పిల్లలాగే తల పక్కకు వంచి నవ్వడం మొదలుపెట్టింది. "నీ నవ్వేమైందే? ఆ పిల్ల నవ్వు నవ్వుతున్నావు" అంది అమ్మ. ఆ పిల్ల పదో తరగతి అయ్యాక కాకినాడ వెళ్ళిపోతే అక్క ఆ నవ్వు మానేసింది. తర్వాత కాలేజీలో ఇంకొకరి నవ్వు వచ్చింది.

అక్కకు ఇరవై మూడేళ్ళప్పుడు కొత్తపేట నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయికి అక్కడ మోటార్లు వైండింగ్ చేసే షాపు. పెళ్ళిచూపుల ముందు నాలుగు రోజులు నేనే పెళ్ళికొడుకుని. "ఏం చదువుకున్నారండి? వంటొచ్చాండి? ఖాళీగా ఉంటే ఏం చేస్తారండి?" అన్నీ అడిగాను. అన్నిటికీ అక్క జవాబులు దిద్దుకుంది. ఆ రోజు రానే వచ్చింది. ట్రేలో కాఫీ కప్పులు వణక్కుండా తెచ్చింది. అడిగినవాటికన్నిటికీ చక్కగా చెప్పింది. అంతలో పెద్ద వాన. పెళ్ళికొడుకు కిటికీ వైపు చూసి, "మీ ఊళ్ళో వాన ఇలాగే చెప్పకుండా వచ్చేత్తదాండి?" అన్నాడు.

ఆ ప్రశ్న మేం అనుకోలేదు. అక్క బిత్తరపోయి తలుపు కర్టెను వెనకున్న నా వైపు చూసింది. నేను పెదాలు మాత్రం కదిపి "ఆయ్" అన్నాను. "ఆయ్ అండి" అంది అక్క. గదిలో అంతా వాన చప్పుడే. ఉన్నట్టుండి అక్క తనంతట తాను మొదలుపెట్టింది.

"పెంకుల మీద పడే చప్పుడు వేరండి, కొబ్బరాకుల మీద పడేది వేరండి. రేకుల మీద పడితే మాత్రం నాకు తల పగిలిపోద్దండి."

అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కప్పు కింద పెట్టి, "మోటారూ అంతేనండి. కాలిపోయే ముందు చప్పుడు మారుతుంది. అందరికీ వినబడదు. నాకు తెలిసిపోద్ది" అన్నాడు. అక్క తలెత్తి మొదటిసారి ఆయన్ని చూసింది. నెల తిరక్కుండా పెళ్ళయింది. "మీరు పక్కనుంచి అందించిన మాటకి కాదమ్మా, తర్వాత తనే అన్న మాటకి ఒప్పుకున్నాను" అని బావగారు నన్ను చాలాసార్లు ఆటపట్టించారు.

కాపురం బాగానే సాగింది. అక్క షాపులో కూర్చుని రాగితీగ చుట్టడం నేర్చుకుంది. ఎన్ని చుట్లు చుట్టాలో అన్నే, ఒక్కటి అటూ ఇటూ పోదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మాత్రం తీగ విప్పి మళ్ళీ మొదట్నుంచీ చుట్టేది. ఒక్కతే కూతురు పుట్టింది. కానీ ఎక్కడైనా పెళ్ళికి గాని, పేరంటానికి గాని వెళ్ళొస్తే అక్క రెండు రోజులు తలుపులు మూసిన గదిలో పడుకునేది. "నలుగుర్లోకి వెళ్ళొస్తే మంచం ఎక్కేస్తుంది, మనుషులంటే గిట్టదు" అని అత్తవారి వైపు ఆడవాళ్ళు అనుకునేవారు. తలనొప్పికని ఒక డాక్టరు, నరాల బలహీనత అని ఇంకో డాక్టరు, దిగులు జబ్బని మరొకరు మందులిచ్చారు. దిష్టి తీయించారు. అంతర్వేది తిరునాళ్ళకు తీసుకెళ్ళి మొక్కు తీర్చారు. ఆ జనంలో అక్కకు ఊపిరాడక, బావగారు ఎత్తుకున్నంత పని చేసి బయటికి తెచ్చారు.

అయిదేళ్ళ కిందట అక్క కూతురికి ఓణీల ఫంక్షను చేశారు. పెద్ద షామియానా, ఇంత ఎత్తు సౌండు బాక్సులు, మూడొందల మంది. అక్క పట్టుచీర కట్టుకుని గంటసేపు గుమ్మంలో నిలబడి అందరినీ పలకరించింది. సరిగ్గా అక్షింతలు వేసే సమయానికి కనబడలేదు. వెతికితే పెరట్లో బాత్రూంలో గడియ వేసుకుని, చెవులు మూసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. తలుపు తీయించి నేనే తిట్టాను.

"నీ కూతురి ఫంక్షన్లో కూడా నీకు నీ గోలేనా? అది బయట ఎలా చూస్తోందో తెలుసా?"

అక్క లేచి, ముఖం కడుక్కుని, నవ్వు పెట్టుకుని బయటికి వచ్చింది. ఆ ఫోటోలు చూస్తే ఎవరూ ఏమీ కనిపెట్టలేరు. ఆ తర్వాత మూడు నెలలు షాపులోకి వెళ్ళలేదు. స్నానం చేయడానికి కూడా బావగారు బతిమాలవలసి వచ్చేది.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. రెండేళ్ళ కిందట మా తొమ్మిదో తరగతిలోకి కాట్రేనికోన వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. వాళ్ళ నాన్న రొయ్యల చెరువుల దగ్గర పని. మార్కులు బాగా వచ్చేవి. తలెత్తేది కాదు. "బల్ల కింద చెయ్యి పెట్టి ఊరికే వేళ్ళు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, పలకరిస్తే పలకదు, పొగరు" అని స్టాఫ్‌రూంలో అనేవారు. నేనూ ఊఁ కొట్టాను. ఒకరోజు ఆ అమ్మాయి నోట్సు దిద్దుతూ చివరి పేజీ తిప్పాను. పెన్సిలుతో చిన్న అక్షరాలు. "అందరూ నవ్వాక నవ్వాలి. తిన్నావా అంటే తిన్నాననాలి, ఏం తిన్నానో చెప్పక్కర్లేదు. ఎవరైనా ఏడుస్తుంటే నీళ్ళు ఇవ్వాలి."

పెన్ను కింద పెట్టేశాను. ముప్పై ఏళ్ళ కిందట మా వెనక వసారా, ఎండ, అమ్మ పాత చీర అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. గంట కొట్టినా లేవలేకపోయాను.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మా మండలంలో బడులన్నీ తిరిగే ఒకావిడ ఉంది. ఆవిడ వచ్చినప్పుడు ఆ పేజీ చూపించాను. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది.

"ఆటిజం అంటే మాటలు రాని చిన్నపిల్లలే గుర్తొస్తారండి మనకి. మాటలొచ్చి, చదువొచ్చి, అల్లరి చెయ్యని పిల్లలు మన కంట పడరు. అందులోనూ ఆడపిల్లలు. పక్కవాళ్ళని చూసి అచ్చుగుద్దినట్టు నేర్చేసుకుంటారు. రోజంతా నెట్టుకొచ్చి, ఇంటికెళ్ళేక కూలబడిపోతారు. కొంతమందికి నలభై ఏళ్ళొచ్చినా తెలీదండి."

"అయితే ఈ అమ్మాయికి అదేనంటారా?"

"నేననకూడదండి, మీరూ అనకూడదు. సిగ్గరి పిల్లలందరికీ ఈ పేరు తగిలించేస్తే అదో పాపం. చూసింది చూసినట్టు ఇంట్లోవాళ్ళకి మెల్లగా చెప్పి, తెలిసిన డాక్టరుకి చూపించమనాలి. అంతవరకే మన పని."

వెళ్ళేముందు మా అక్క గురించి కూడా చెబితే, ఆవిడ తన ఫోన్లోంచి నాలుగు కాగితాలు పంపించింది. పెద్దవాళ్ళు తమను తాము గమనించుకోవడానికి రాసిన ప్రశ్నలు. నేను వాటిని ప్రింటు తీయించి, ఆదివారం కొత్తపేట బస్సెక్కాను. దారి పొడుగునా అక్కతో ఏం అనాలో, అది ఏమంటే నేనేమనాలో అల్లుకుంటూ కూర్చున్నాను. ఒక్క రోజుకే నా తల వేడెక్కిపోయింది.

అక్క షాపులో స్టూలు మీద కూర్చుని తీగ చుడుతోంది. ఆ తీగచుట్ట పూర్తయ్యేదాకా ఆగి, కాగితాలిచ్చి, అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, "ఇది చదువక్కా, ఇందులో నువ్వున్నావేమో చూడు" అన్నాను. పక్కనున్న పెన్సిలు తీసుకుని అక్క చదవడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. బావగారు నా వైపు, అక్క వైపు మార్చి మార్చి చూస్తున్నారు.

"పద్నాలుగు నావి" అంది చివరికి. "మూడు కావు. ఇదొకటి అర్థం కాలేదు. కళ్ళలోకి చూస్తే ఇబ్బందిగా ఉంటుందా అని ఉంది. ఎవరి కళ్ళలోకి?"

"ఎవరి కళ్ళలోకైనా."

"మీ బావగారివైతే ఫర్వాలేదు. మిగతావాళ్ళయితే కనుబొమల మధ్య చూస్తాను. అలా చూస్తే వాళ్ళకి తేడా తెలీదు." కాగితాలు తిరగేసింది. "ఇది ఎవరు రాసేరు?"

"డాక్టర్లు."

"నన్ను చూడకుండానే?"

"ఆఁ."

"అయితే నాలాంటివాళ్ళు చాలామంది ఉండుండాలి" అని, లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఎంతకూ రాకపోతే వెళ్ళాను. అరటిచెట్ల పక్కన నిలబడి ఉంది. ఏడ్చిన గుర్తులున్నాయి. ఏడుపు కంటే కోపమే ఎక్కువ కనబడింది.

"నాకిప్పుడు నలభై నాలుగు నిండాయే" అంది. "అందరూ ఇవన్నీ ఎక్కడో నేర్చుకున్నారు, వాళ్ళకి చెప్పిన రోజున నేను బడికి రాలేదు అనుకునేదాన్ని. రానిదాన్ని నేనే కాబట్టి తప్పు నాదే అనుకున్నాను."

నేను ఆ ఫంక్షను రోజున అన్న మాటకు క్షమించమన్నాను. అక్క మొహమాటానికి కూడా ఫర్వాలేదనలేదు.

"నువ్వన్నది తప్పే. చాలా రోజులు బాధపడ్డాను. కానీ నీకు తెలీదు కదే. నాకే తెలీదు."

మా ఊరెళ్ళి అమ్మానాన్నలకు చెప్పడం ఇంకా కష్టమైంది. అమ్మ వినగానే కస్సుమంది. "దానికేం రోగం? బంగారంలా కాపురం చేసుకుంటోంది. రేపో మాపో దాని కూతురికి సంబంధాలు చూడాలి. ఇప్పుడీ పేర్లు ఎందుకే?" నేను రోగం కాదని, పుట్టుకతో వచ్చిన తీరు అని, చెవులకు చప్పుళ్ళు, ముక్కుకు వాసనలు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తగులుతాయని చెబుతూ ఉన్నాను. నాన్నకు ఇప్పుడు డెబ్బై దాటాయి. పేపరు చదువుతున్నవారు కళ్ళజోడు తీశారు.

"వాసనలు కూడానా?"

"ఆయ్ నాన్నా."

"నేను విమానం దిగేక బాంబేలో ఒళ్ళంతా సెంటు కొట్టుకునేవాణ్ణే" అన్నారు. "రెండేళ్ళ చెమట వాసన పిల్లలకి తగలకూడదని. ఇంకో సీసా దార్లో మళ్ళీ కొట్టుకునేవాణ్ణి." పేపరు మడిచి, ఆ మడత మీద వేలితో రాస్తూ ఉండిపోయారు. "అది పారిపోయింది దాన్నుంచా?"

మర్నాడు పొద్దున్న అమ్మ లేచి, అక్కను రాజమండ్రిలో డాక్టరుకు చూపిస్తామంటే తనూ వస్తానంది.

ఆ డాక్టరుగారు పెద్దావిడ, నెమ్మదస్తురాలు. అక్కతో రెండుసార్లు ఒంటరిగా మాట్లాడింది. చిన్నతనం తెలిసినవాళ్ళు కావాలంటే అమ్మను లోపలికి పిలిచింది. నేనూ కూర్చున్నాను.

"చిన్నప్పుడు ఎలా ఉండేదమ్మా?"

"మామూలేనండి. చాలా బుద్ధిమంతురాలండి."

"లేదండి" అంది అక్క. "మామూలుగా లేను. నాలుగేళ్ళ దాకా ఒకే పళ్ళెంలో తినేదాన్నండి. అది పోయిన రోజున అన్నం మానేసేనండి. అమ్మకి గుర్తుంది, చెప్పడం లేదు."

అమ్మ తల దించుకుంది. తర్వాత ఒక్కటొక్కటిగా అన్నీ చెప్పింది. లంగా కుట్టు గుచ్చుకుంటుందని తిరగేసి తొడుక్కునేదని, జడ వేయబోతే అరిచేదని, బియ్యంలో రాళ్ళు ఏరమంటే గింజలు వరసలు పేర్చేదని. పెద్దమ్మ వచ్చిన రోజు సంగతి చెబుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేను కొట్టేనండి. అది నిజమే చెప్పింది. నిజం చెప్పినందుకు కొట్టేను." అక్క అమ్మ చెయ్యి పట్టుకుంటుందేమో అనుకున్నాను. పట్టుకోలేదు. బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు అమ్మ వైపు జరిపింది.

డాక్టరుగారు తొందరపడి ముద్ర వేయలేదు. లక్షణాలు బలంగానే ఉన్నాయని, ఆటిజమే అయ్యుంటుందని తను అనుకుంటున్నానని, చిన్నప్పటి పరీక్షలేవీ లేవు కాబట్టి ఇంకొన్నాళ్ళు చూసి ఖాయంగా చెబుతానని అంది. "దీనికి మందు లేదమ్మా, మందు అక్కర్లేదు కూడా. మీ అలసటకి, దిగులుకి మాత్రం మనం ఏదో ఒకటి చెయ్యొచ్చు. ముందు మీరు ఎక్కడెక్కడ నటిస్తున్నారో చూసుకోండి. అన్నిచోట్లా మానేయమనను. కొన్నిచోట్ల మానేయండి." దిగులుకు వాడుతున్న మాత్రలు ఆవిడ చెప్పినట్టే మెల్లగా తగ్గించారు.

తిరుగు ప్రయాణంలో రావులపాలెం దగ్గర టీ కోసం ఆగాం. మాతో వచ్చిన నాన్న కారులోనే ఉన్నారు. అక్క వెళ్ళి ఆయన పక్క సీట్లో కూర్చుంది. ఇద్దరూ మేం టీ తాగినంతసేపూ అలాగే కూర్చున్నారు. నాన్న ముఖం చూస్తే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

అంతా సర్దుకుపోయిందని చెప్పను. అత్తవారి వైపు వాళ్ళు "కొత్త జబ్బు కనిపెట్టుకుంది" అంటూనే ఉన్నారు. అమ్మ ఇప్పటికీ ఆ పేరు పలకదు, "అక్క సంగతి" అంటుంది. మా బడిలో ఆ అమ్మాయి వాళ్ళమ్మను పిలిచి చెబితే, ఆవిడ అంతా విని, "మా పిల్ల బాగానే చదువుతోంది కదండి" అని వెళ్ళిపోయింది. రెండు నెలల తర్వాత తనే వచ్చి డాక్టరు ఎక్కడుంటారని అడిగింది. చూపించారో లేదో ఇంకా చెప్పలేదు. ఈలోగా వార్షికోత్సవం రోజున ఆ అమ్మాయికి లైబ్రరీ తాళం ఇచ్చాను. పాటలు అయ్యేదాకా అక్కడ కూర్చుని చదువుకుంది. స్టాఫ్‌రూంలో మళ్ళీ ఎవరో పొగరు అన్నారు. ఈసారి నేను ఊఁ కొట్టలేదు.

అక్కలో మార్పు అంటే, తీగ చుడుతున్నప్పుడు పలకరించవద్దని షాపు గోడ మీద బావగారి చేత రాయించింది. పెళ్ళికి వెళ్తే భోజనం చేసి, అక్షింతలు వేసి, "నాకు జనంలో ఎక్కువసేపు ఉండటం కష్టమండి, వెళ్ళొస్తాను" అని వాళ్ళ ముఖం మీదే చెప్పి వచ్చేస్తోంది. కొందరు మొదట్లో ముఖం మాడ్చుకున్నారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు మాత్రం పక్కకు పిలిచి, తమ పిల్లల గురించో తమ గురించో గొంతు తగ్గించి అడుగుతున్నారట.

నాకూ అక్కకూ రోజూ ఫోను అలవాటు. పూర్వం అది మాట ముగించి ఫోను పెట్టేయడం తెలియక, "ఇంకేంటే విశేషాలు?" అని పదిసార్లు అడిగేది. నేను "ఏమీ లేవు" అంటే మళ్ళీ అడిగేది. విసుక్కుని నేనే పెట్టేసేదాన్ని. నిన్న సాయంత్రం ఫోను చేసి, షాపుకు ఎవరో పాత మోటారు తెచ్చారని, దాని చప్పుడు తేనెటీగలు ముసురుకున్నట్టు ఎంత బాగుందో చెప్పుకుంటూ పోయింది. నేను స్టవ్వు కట్టేసి, గోడకు చేరగిలబడి విన్నాను. చెప్పడం పూర్తయ్యాక విశేషాలేమీ అడగలేదు.

"అంతేనే. నా దగ్గర మాటలు అయిపోయాయి. పెట్టేస్తున్నాను" అని పెట్టేసింది.